సొరోరిటీ స్కాలర్‌షిప్ డబ్బు నా చేతికొచ్చింది, ఇక మీదట సరిగ్గా ఎలా నడపాలి?

హ్యూస్టన్_గోరింట | ఫిబ్రవరి 9

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. ఈసారి నాకు సలహా కావాలి.

కాలేజీలో ఉన్నప్పుడు నేనొక దక్షిణాసియా సొరోరిటీలో చేరాను. చదువులు అయిపోయాక కూడా మా ఊళ్లో ఉన్న పాత సభ్యులం నలభై మందిమి ఒక చాప్టర్‌గా, అంటే ఊరి శాఖగా, కలిసే ఉన్నాం. ఏటా కొత్తగా కాలేజీలో చేరే ఇద్దరు అమ్మాయిలకు తలా వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ ఇస్తున్నాం. పోయిన నెల నన్ను ట్రెజరర్‌ని చేశారు.

లెక్కలు అప్పగించమని పాత ట్రెజరర్ అక్కకి ఫోన్ చేస్తే అప్పుడు తెలిసింది. స్కాలర్‌షిప్ డబ్బు మొత్తం, 8,640 డాలర్లు, ఆవిడ సొంత బ్యాంకు ఖాతాలోనే ఉంది. ఆవిడ చాలా మంచి మనిషి. పైసా అటూ ఇటూ కాలేదు, ప్రతి విరాళం ఎక్సెల్‌లో రాసిపెట్టింది. కానీ ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉంటోంది, చంటిబిడ్డ తల్లి. రేపు ఆవిడకేమైనా అయితే ఆ డబ్బు ఎవరిదవుతుందని ఇన్నేళ్లలో మాలో ఒక్కరికీ తోచలేదు.

ఇంకో టెన్షన్ ఉంది. "మీ విరాళానికి పన్ను మినహాయింపు ఉంటుంది" అని మావాళ్లు దాతలకు ఈమెయిల్స్ పంపారు. నిజంగా ఉంటుందా?

ఈ ఏడాది ఇద్దరికి కాదు, ఐదుగురికి ఇవ్వాలని మా కోరిక. డబ్బు ఎలా పోగు చెయ్యాలో కూడా చెప్పండి.

న్యూజెర్సీ_ఖాతాపుస్తకం | ఫిబ్రవరి 9

అమ్మా, ఇరవై ఏళ్లుగా చిన్న సంస్థల లెక్కలు చూస్తున్నాను. డబ్బు పోగు చేసే మాట తర్వాత. ముందు ఆ పన్ను మినహాయింపు ఈమెయిల్స్ ఆపించు, ఇవాళే.

సొరోరిటీ చాప్టర్లు ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) దృష్టిలో సాధారణంగా 501-సి-7 కిందికి వస్తాయి. అంటే సభ్యుల స్నేహం కోసం, కాలక్షేపం కోసం నడిచే క్లబ్బు. దానికి లాభం మీద పన్ను ఉండకపోవచ్చు, కానీ దానికి ఇచ్చిన విరాళానికి దాతకు మినహాయింపు రాదు. మినహాయింపు వచ్చేది సాధారణంగా 501-సి-3 సంస్థకు, అంటే చదువు, దానధర్మాల కోసం నడిచే సంస్థకు ఇస్తేనే. పెద్ద సొరోరిటీలన్నీ పక్కనే ఒక ఫౌండేషన్ పెట్టుకున్నది అందుకే. డెల్టా గామా ఫౌండేషన్ 1951లో వచ్చింది, కప్పా ఆల్ఫా థీటా ఫౌండేషన్ 1960లో. పిక్నిక్ డబ్బు చాప్టర్‌లో ఉంటుంది, చదువు డబ్బు ఫౌండేషన్‌లో ఉంటుంది. రెండూ కలవవు.

మీకు మూడు దారులు కనిపిస్తున్నాయి.

మీ జాతీయ సంస్థకు ఫౌండేషన్ ఉంటే అందులో మీ చాప్టర్ పేరుతో విడిగా ఒక నిధి తెరవనిస్తారేమో అడగండి. రసీదులు వాళ్లే ఇస్తారు, ఐఆర్‌ఎస్ కాగితాలు వాళ్లే చూసుకుంటారు, కొంత శాతం రుసుము తీసుకుంటారు. నా ఓటు దీనికే.

రెండోది మీ ఊరి కమ్యూనిటీ ఫౌండేషన్ (ఊరివాళ్ల విరాళాలు కూడగట్టి ఊరి పనులకు ఇచ్చే సంస్థ) గానీ, మీరు చదివిన యూనివర్సిటీ ఫౌండేషన్ గానీ. ఇవి గట్టి సంస్థలు. కమ్యూనిటీ ఫౌండేషన్ అనే పద్ధతే 1914లో క్లీవ్‌లాండ్‌లో మొదలైంది. కాకపోతే కనీస మొత్తం పెద్దది అడుగుతారు.

మూడోది సొంతంగా 501-సి-3 పెట్టుకోవడం. ఏడాదికి 50 వేల డాలర్ల లోపు వసూళ్లు, రెండున్నర లక్షల లోపు ఆస్తి ఉంటే 1023-ఈజెడ్ అనే చిన్న ఫారం సరిపోతుంది, ఫీజు 275 డాలర్లు. పెట్టడం తేలికే. కష్టమంతా తర్వాత ఏటేటా నడపడంలో ఉంది.

బెజవాడ_బాబాయ్ | ఫిబ్రవరి 10

తెలియక అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. ఈ సొరోరిటీ అంటే ఏమిటి? మా అమ్మాయి కూడా వచ్చే ఆగస్టులో అక్కడికి వస్తోంది. ఇలాంటివి కాలేజీలో కనిపిస్తే చేరొచ్చా?

అయోవా_అత్తయ్య | ఫిబ్రవరి 10

బాబాయ్ గారూ, నేను చెబుతాను. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అయోవాలో ఉంటున్నాను.

ఇక్కడి కాలేజీల్లో ఆడపిల్లల్ని అరకొరగా చేర్చుకునే రోజుల్లో, ఆ కొద్దిమందీ ఒకరికొకరు తోడుగా ఉండటానికి కట్టుకున్న సంఘాలివి. సొరోరిటీ అనే మాట న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ యూనివర్సిటీలో పుట్టింది. 1874లో గామా ఫై బీటా అనే సంఘం మొదలైతే, దానికి అన్నదమ్ముల సంఘం అనే అర్థం వచ్చే పేరెందుకని లాటిన్ చెప్పే ఒక ప్రొఫెసర్ అక్కచెల్లెళ్ల సంఘం అనే అర్థంతో ఆ మాట సూచించారట. ఇప్పుడు మన పిల్లల కోసం దక్షిణాసియా సొరోరిటీలు కూడా ఉన్నాయి, 1998లో టెక్సాస్‌లోనే ఆస్టిన్‌లో ఒకటి, హ్యూస్టన్‌లో ఒకటి మొదలయ్యాయి. కొన్ని మంచివి, కొన్నిట్లో చేరేటప్పుడు ఖర్చు ఎక్కువ. అమ్మాయిని ముందు నెల రోజులు చూసి, సభ్యత్వ రుసుము ఎంతో కనుక్కుని నిర్ణయించుకోమనండి.

నేనున్నది పి.ఇ.ఓ. సిస్టర్‌హుడ్‌లో. 1869 జనవరిలో మౌంట్ ప్లెజెంట్ అనే చిన్న ఊళ్లో, అయోవా వెస్లియన్ కాలేజీలో ఏడుగురు అమ్మాయిలు మొదలుపెట్టారు. క్యాంపస్ నుంచి బయటికొచ్చి ఊరూరా చాప్టర్లుగా పెరిగింది. 1907 నుంచి ఆడపిల్లల చదువులకు అప్పులిచ్చే నిధి నడుపుతోంది. 1949 నుంచి ఇంటర్నేషనల్ పీస్ స్కాలర్‌షిప్ ఉంది, అది వేరే దేశాల నుంచి అమెరికాకూ కెనడాకూ పైచదువులకు వచ్చే ఆడపిల్లలకే. మన అమ్మాయిలూ పెట్టుకోవచ్చు, చాలామందికి ఆ సంగతే తెలియదు. మిస్సోరీలోని కాటీ కాలేజీని దాని వ్యవస్థాపకురాలే 1927లో ఈ సంఘానికి రాసిచ్చేసింది.

మా నాయనమ్మ చెప్పేది, మా తాతగారు రాజమండ్రిలో వారాలు చేసుకుని చదివారని. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో. ఏడిళ్లు కలిస్తే ఒక పిల్లాడి చదువు. మొదటిసారి మా చాప్టర్‌కి వెళ్లి, పాతికమంది ఆడవాళ్లు ఒకావిడ ముందుగదిలో కూర్చుని ఎవరో తెలియని అమ్మాయి ఫీజు గురించి మాట్లాడుకుంటుంటే నాకు అదే గుర్తొచ్చి కళ్లు తడిశాయి.

గోరింటా, నీ ప్రశ్నకి మళ్లీ వస్తాను తల్లీ. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెబుతా. మా చాప్టర్‌లో ట్రెజరర్ ఒక్కతే సంతకం పెట్టి ఒక్క చెక్కూ ఇవ్వదు. ఎప్పుడూ రెండు సంతకాలు ఉండాల్సిందే. మా ట్రెజరర్‌కి ఎనభై రెండేళ్లు, ఊరంతా నమ్మే మనిషి. అయినా అంతే.

హ్యూస్టన్_గోరింట | ఫిబ్రవరి 10

ఖాతాపుస్తకం గారూ, అత్తయ్యా, ఇద్దరికీ చాలా థ్యాంక్స్.

రాత్రి పాత కాగితాలన్నీ తిరగేశాను. మా చాప్టర్‌కి ఈఐఎన్, అంటే ఐఆర్‌ఎస్ ఇచ్చే గుర్తింపు నంబర్ ఉంది. ఎవరో ఆరేళ్ల కింద తీసుకున్నారు. ఆ తర్వాత ఐఆర్‌ఎస్‌కి ఏమీ పంపినట్టు లేదు. మా దగ్గర వచ్చేది ఏడాదికి మూడు నాలుగు వేలే కాబట్టి అవసరం లేదనుకున్నారట. నిద్ర పట్టలేదండీ.

న్యూజెర్సీ_ఖాతాపుస్తకం | ఫిబ్రవరి 11

నిద్ర మానుకోవద్దమ్మా, ఇది బాగుచేసుకోగలిగేదే. ఇలాంటి సంఘాలు నా దగ్గరికి ఏటా వస్తాయి.

వసూళ్లు మామూలుగా 50 వేల డాలర్ల లోపు ఉండే చిన్న సంస్థలు కూడా ఏటా 990-ఎన్ పంపాలి. దాన్ని ఈ-పోస్ట్‌కార్డ్ అంటారు. ఎనిమిది ప్రశ్నలు, పది నిమిషాల పని, ఫీజు లేదు. లెక్కల సంవత్సరం డిసెంబరుతో ముగిస్తే మే 15 గడువు. వరుసగా మూడేళ్లు పంపకపోతే పన్ను మినహాయింపు హోదా దానంతటదే రద్దవుతుంది. 2006లో వచ్చిన చట్టమిది. ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో మీ ఈఐఎన్ కొట్టి చూడు, రద్దయిన జాబితాలో ఉందో లేదో తెలుస్తుంది. మీ చాప్టర్ జాతీయ సంస్థ గొడుగు కింద ఉందేమో, వాళ్లే మీ తరఫున పంపుతున్నారేమో అది కూడా అడుగు.

ఇక ఆ 8,640. యాప్‌లో బదిలీ చేయించుకోవద్దు. చాప్టర్ పేరు మీద బ్యాంకు ఖాతా తెరవండి, ఇద్దరి సంతకాలతో. పాత ట్రెజరర్ తన ఖాతా నుంచి చాప్టర్ పేరు మీద చెక్కు రాయాలి. దాంతోపాటు ఒక పేజీ ఉత్తరం: ఏ ఏడాది ఎంత వచ్చింది, ఎవరికి ఎంత ఇచ్చాం, ఇప్పుడెంత మిగిలింది. దాని మీద ఆవిడ, నువ్వు, అధ్యక్షురాలు ముగ్గురూ సంతకం చెయ్యండి. దీని వల్ల ఎక్కువ రక్షణ ఆ అక్కకే. రేపు ఎవరైనా ఒక మాట అంటే చూపించడానికి ఆవిడ దగ్గర ఒక కాగితం ఉంటుంది.

పాత దాతలకు నిజం రాయండి. "మేము పొరపాటుగా చెప్పాం, ఈ విరాళానికి మినహాయింపు వర్తించదు, ఇప్పటికే చూపించి ఉంటే మీ పన్నుల మనిషితో మాట్లాడండి, డబ్బు వెనక్కి కావాలంటే ఇస్తాం." ఈ ఉత్తరం రాయడం కష్టంగా ఉంటుంది. రాయకపోతే ఇంకా కష్టం.

డాలస్_పచ్చిపులుసు | ఫిబ్రవరి 11

డబ్బు పోగు చేసుడు గురించి నా అనుభవం చెప్తా. ఇది సొరోరిటీ కాదు, మా ఊరి ఆడవాళ్ల సంఘం, కానీ ఉద్దేశం ఒక్కటే.

మూడేండ్ల కింద స్కాలర్‌షిప్‌ల కోసమని పెద్ద గాలా డిన్నర్ పెట్టినం. టికెట్లు, స్పాన్సర్లు అన్నీ కలిపి 14,200 డాలర్లు వచ్చినయ్. అందరం ఉప్పొంగిపోయినం. హాలు, భోజనాలు 9,800. స్టేజి, పూలు, డీజే 2,300. ఆఖరికి పిల్లలకు మిగిలింది 2,100. నలుగురం నాలుగు నెలలు రాత్రి పగలు పనిచేసినం. చారాణా కోడికి బారాణా మసాలా అంటరు మా దిక్కు, అట్లయింది.

మరుసటి ఏడాది హాలు లేదు, డీజే లేదు. సంక్రాంతికి సకినాలు, అరిసెలు ఇండ్లల్లనే చేసి ముందే ఆర్డర్లు తీసుకుని అమ్మినం. నాకు యాదున్నంత వరకు ఖర్చులు పోను 3,400 మిగిలింది. ముసలమ్మలు కూడా వచ్చి పిండి కలిపిన్రు, వాళ్ల మొఖాల్ల ఆ సంతోషం ఇప్పటికీ కండ్ల ముందరున్నది. ఒకటే జాగ్రత్త, ఇంట్ల వండి అమ్మేదానికి ఒక్కో రాష్ట్రంల ఒక్కో రూలుంటది, అది ముందే చూసుకోవాలె.

అక్కా, మీరు గాలా పెట్టాలనుకుంటే ముందుగాల హాలు ఖర్చు భరించే స్పాన్సర్‌ను ఖాయం చేసుకున్నంకనే టికెట్ అచ్చెయ్యండి.

న్యూజెర్సీ_ఖాతాపుస్తకం | ఫిబ్రవరి 11

పచ్చిపులుసు గారు చెప్పినదానికి ఒక జోడింపు. 501-సి-3 ద్వారా డిన్నర్ పెట్టినా టికెట్ మొత్తానికి మినహాయింపు రాదు. వంద డాలర్ల టికెట్‌లో భోజనం విలువ అరవై అయితే మినహాయింపు నలభైకే. టికెట్ 75 డాలర్లు దాటితే ఆ విడగొట్టిన లెక్క రాసి ఇవ్వడం సంస్థ బాధ్యత. మామూలు విరాళం 250 డాలర్లు, ఆ పైన ఉంటే రాతపూర్వక రసీదు లేకుండా దాత మినహాయింపు చూపించుకోలేడు.

లక్కీ డ్రా జోలికి తొందరపడి వెళ్లకండి. డ్రా టికెట్ కొన్నది విరాళం కింద లెక్కకు రాదు. టెక్సాస్‌లో అయితే చట్టం చెప్పిన అర్హత ఉన్న సంస్థలే రాఫిల్ నడపాలి.

అట్లాంటా_మల్లెతీగ | ఫిబ్రవరి 12

నేను పనిచేసే ఆసుపత్రిలో సగంమంది సీనియర్ నర్సులు నల్లజాతి సొరోరిటీల సభ్యులు. వాళ్లను చూసి నేను నేర్చుకున్నంత ఇంకెక్కడా నేర్చుకోలేదు. అందుకే రాస్తున్నాను.

ఆల్ఫా కప్పా ఆల్ఫా 1908లో, డెల్టా సిగ్మా థీటా 1913లో, రెండూ వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో పుట్టాయి. మన దగ్గర చాలామందికి కమలా హారిస్ పేరుతో మొదటిది తెలుసు. వాళ్లకు సొరోరిటీ కాలేజీతో అయిపోదు. ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల చాప్టర్లు చాలా ఊళ్లలో ఉంటాయి, అరవై ఏళ్లావిడ కూడా నెలనెలా మీటింగ్‌కి వెళ్తుంది. ఆల్ఫా కప్పా ఆల్ఫా వాళ్లు 1980లో చదువుల కోసమే ప్రత్యేకంగా ఎడ్యుకేషనల్ అడ్వాన్స్‌మెంట్ ఫౌండేషన్ పెట్టుకున్నారు.

వాళ్ల దగ్గర నాకు నచ్చింది చిన్న అంకెలు. 2020లో కమలా హారిస్‌ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించగానే 19 డాలర్ల 8 సెంట్ల విరాళాలు వెల్లువలా వచ్చాయి, పేపర్లలో కూడా రాశారు. 1908 అన్నమాట. అది ఎన్నికల డబ్బు, మనకు సంబంధం లేదు, కానీ పద్ధతి చూడండి. ఆ అంకె చూడగానే ఇది మా అక్కచెల్లెళ్లు ఇచ్చిందని తెలిసిపోతుంది. పెద్ద మొత్తం ఇవ్వలేనివాళ్లు సిగ్గుపడాల్సిన పనిలేదు, అందరిదీ ఒకే అంకె.

గోరింటా, మీరు నలభై మంది. తలా నెలకు 20 డాలర్లు బ్యాంకు నుంచి దానంతటదే వెళ్లేలా పెట్టుకుంటే ఏడాదికి 9,600. ఐదుగురికి వెయ్యి కాదు, దగ్గర దగ్గర రెండేసి వేలు ఇవ్వొచ్చు. హాలూ వద్దు, సకినాలూ వద్దు. మీలో ఉద్యోగం చేసేవాళ్లు తమ కంపెనీ మ్యాచింగ్ (ఉద్యోగి ఇచ్చిన విరాళానికి కంపెనీ కూడా కలిపివ్వడం) ఇస్తుందేమో కూడా అడగాలి. అయితే కంపెనీలు సాధారణంగా 501-సి-3కే మ్యాచింగ్ ఇస్తాయి, కాబట్టి ఖాతాపుస్తకం గారు చెప్పిన పని ముందు జరగాలి.

డాలస్_పచ్చిపులుసు | ఫిబ్రవరి 12

మల్లెతీగ అక్కా, నెలకు ఇరవై మంచిదే. కానీ సకినాలు వద్దనకండి. మా సంఘంల కొత్తవాళ్లు కలిసింది ఆ పిండి కాడనే. పైసలొక్కటే అయితే మూడో ఏడు సగంమంది ఆపేస్తరు.

అట్లాంటా_మల్లెతీగ | ఫిబ్రవరి 12

ఒప్పుకుంటున్నాను. మనుషులు కలవడానికి సకినాలు, స్కాలర్‌షిప్‌కి నెలవారీ. ఒకదాని మీద ఇంకోటి ఆధారపడకపోతే చాలు.

క్యాంపస్_కిటికీ | ఫిబ్రవరి 13

మిడ్‌వెస్ట్‌లో ఒక యూనివర్సిటీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో పనిచేస్తున్నాను. మీలాంటి చాప్టర్ల చెక్కులు మా కౌంటర్‌కే వస్తాయి. ఇటువైపు నుంచి చూస్తే ఏం జరుగుతుందో చెబుతాను.

బయటి స్కాలర్‌షిప్ వచ్చిందని తెలియగానే కొన్ని కాలేజీలు ఆ అమ్మాయికి తాము ఇస్తున్న సహాయాన్ని అంతమేర తగ్గిస్తాయి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వని పరిస్థితి. మీరు వెయ్యి ఇస్తారు, కాలేజీ వెయ్యి కోస్తుంది, అమ్మాయికి మిగిలేది సున్నా. మేరీల్యాండ్ 2017లో ప్రభుత్వ యూనివర్సిటీల్లో దీన్ని కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది, అలా చేసిన మొదటి రాష్ట్రం అదే. తర్వాత న్యూజెర్సీ, కాలిఫోర్నియా లాంటివి కూడా తెచ్చాయి. అన్ని చోట్లా లేదు. అందుకే చెక్కు పంపేముందు అమ్మాయి చేత ఆఫీసుకు ఒక ఫోన్ చేయించండి: "ఈ డబ్బు వస్తే నా గ్రాంటు తగ్గుతుందా, అప్పు తగ్గుతుందా?" అప్పు తగ్గితే మంచిదే. గ్రాంటు తగ్గుతుందంటే, వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యొచ్చా అని అడగండి. చాలాసార్లు కుదురుతుంది.

చెక్కు యూనివర్సిటీ పేరు మీద రాసి, అమ్మాయి స్టూడెంట్ నంబర్ వెయ్యండి. రెండు సెమిస్టర్లకు సగం సగం కావాలా, మొత్తం ఇప్పుడే వాడాలా అన్నది ఉత్తరంలో రాయండి. అది రాయని చెక్కుల వల్ల మేము నెలల తరబడి ఉత్తరాలు రాస్తుంటాం.

ట్యూషన్ ఫీజు, కోర్సుకి తప్పనిసరైన పుస్తకాలు, పరికరాల కోసం వాడిన స్కాలర్‌షిప్ మీద డిగ్రీ చదివే పిల్లలకు పన్ను పడదు. గదికీ తిండికీ వాడితే అది వాళ్ల ఆదాయంలో కలుస్తుంది. ఈ సంగతి పిల్లలకు ఎవరూ చెప్పరు.

ఒహాయో_కొత్తచివురు | ఫిబ్రవరి 13

నమస్తే. మాది ఖమ్మం దగ్గర ఊరు. ఇక్కడ మాస్టర్స్ చదువుతున్నాను. పోయిన ఏడాది ఒక మహిళా సంఘం చాప్టర్ నుంచి నాకు 1,500 డాలర్లు వచ్చాయి. వాళ్ల మీద నాకు ఎంతో గౌరవం ఉంది, పేరు చెప్పను. తీసుకున్నవైపు నుంచి మూడు మాటలు చెప్పొచ్చా?

ఒకటి, ఫీజు గడువు ఆగస్టులో. చెక్కు నవంబరులో వచ్చింది. ఈలోపు నాన్న వడ్డీకి తెచ్చి కట్టారు. ఆ డబ్బే జులైలో వచ్చి ఉంటే ఆ వడ్డీ ఉండేది కాదు.

రెండు, నన్ను డిన్నర్‌కి పిలిచి, స్టేజి మీద నిలబెట్టి, మా ఇంటి ఆదాయం చదివి వినిపించారు. ప్రేమగానే చేశారు. కానీ ఆ రోజు రాత్రి రూముకొచ్చి చాలా ఏడ్చాను. మా నాన్న ఆటో నడుపుతారని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఆ మాట నేను చెప్పాలి, వేరేవాళ్లు మైకులో చదవకూడదు.

మూడు, చాలా స్కాలర్‌షిప్‌లకు అమెరికా పౌరులై ఉండాలని నిబంధన. నాలాంటి ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) పిల్లలం ఫారం మొదటి పేజీలోనే ఆగిపోతాం. అందరికీ ఇవ్వమని అడగను. ఐదింట్లో ఒక్కటైనా తెరిచి పెట్టగలరేమో చూడండి అక్కా.

అయోవా_అత్తయ్య | ఫిబ్రవరి 13

చివురు తల్లీ, నీ రెండో మాట చదివి లేచి వెళ్లి కాసేపు వరండాలో నిలబడ్డాను. మా చాప్టర్‌లో కూడా ఒకప్పుడు అమ్మాయిల ఇంటి సంగతులు మీటింగ్‌లో గట్టిగా చదివేవాళ్లం. ఆ పని నేనూ చేశాను. వచ్చే మీటింగ్‌లో ఈ మాట పెడతాను.

వచ్చే ఏడాది పీస్ స్కాలర్‌షిప్‌కి నీకు అర్హత ఉంటుందేమో చూసుకో. ఫారం నింపేటప్పుడు నన్ను అడుగు.

న్యూజెర్సీ_ఖాతాపుస్తకం | ఫిబ్రవరి 14

ఎఫ్-1 అమ్మాయికి ఇవ్వొచ్చు, చట్టం అడ్డం రాదు. ఒక్కటే తేడా. పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్‌గా ఉన్న ఎఫ్-1 విద్యార్థికి గదికీ తిండికీ అని ఇస్తే సాధారణంగా 14 శాతం ముందే పట్టుకుని కట్టాలి. ట్యూషన్‌కే అని రాసి యూనివర్సిటీకి పంపితే ఈ చిక్కు రాదు.

ఎంపిక గురించి కూడా చెప్పాలి. "ఫలానా అమ్మాయికి ఇవ్వండి" అని దాత ముందే పేరు చెప్పి ఇస్తే అది విరాళం కాదు, ఆ అమ్మాయికిచ్చిన బహుమతి. ఎంపిక కమిటీ స్వతంత్రంగా ఉండాలి. కమిటీలో ఉన్నవాళ్ల కూతుళ్లు, మేనకోడళ్లు ఆ ఏడాది పెట్టుకోకూడదు. ఫారంల మీద పేర్లు తీసేసి నంబర్లు వేసి చదవండి. ఎవరికి ఎన్ని మార్కులు, ఎందుకు వేశారో ఒక కాగితం దాచండి. ఏడాదికోసారి ట్రెజరర్ కాని ఇద్దరు కూర్చుని బ్యాంకు స్టేట్‌మెంట్లు చూసి సంతకం చెయ్యండి. మన పెళ్లిళ్లలో చదివింపులు రాసేవాడొకడు, డబ్బు తీసుకునేవాడు ఇంకొకడు ఉంటారు కదా. అదే పద్ధతి.

వరంగల్_వాకిలి | ఫిబ్రవరి 14

అన్నీ చదివాను. నాకొక ప్రశ్న ఉంది, కోపం తెచ్చుకోకండి. వెయ్యి డాలర్లు అక్కడ ఒక అమ్మాయికి నాలుగు పుస్తకాలు. ఇక్కడ మా జిల్లాలో అదే డబ్బుతో ఒక అమ్మాయి డిగ్రీ ఫీజు, హాస్టల్ ఏడాదంతా గడుస్తుంది. మీరంతా ఇక్కడి నుంచే వెళ్లారు కదా. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది ఆడపిల్లలకు చదువు చెప్పించడానికే. ఆ దారి మీకెందుకు గుర్తురాదు?

హ్యూస్టన్_గోరింట | ఫిబ్రవరి 14

కోపం ఎందుకండీ, మీరడిగింది న్యాయమే. మా మీటింగ్‌లో కూడా ఈ మాట వచ్చింది. కానీ ఇప్పుడు నా దగ్గరున్న 8,640 డాలర్లు "హ్యూస్టన్ చుట్టుపక్కల కాలేజీలో చేరే అమ్మాయిల కోసం" అని అడిగి తీసుకున్నది. ఇచ్చినవాళ్లలో మెక్సికన్ కుటుంబాలున్నాయి, వియత్నాం వాళ్లున్నారు. వాళ్లకు చెప్పిన మాట నేను మార్చలేను. వరంగల్‌కి పంపాలంటే అదే మాట చెప్పి, వేరే డబ్బు అడగాలి.

న్యూజెర్సీ_ఖాతాపుస్తకం | ఫిబ్రవరి 14

గోరింట సరిగ్గా చెప్పింది. ఏ పేరు చెప్పి తీసుకున్నామో దానికే వాడాలి.

వాకిలి గారూ, ఇండియాకి పంపడానికి వేరే ఏర్పాటు కావాలి. అక్కడ తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం కింద ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాకే రావాలి, ఒక సంస్థ తీసుకున్నది ఇంకో సంస్థకు మళ్లించకూడదు. నలభై మంది చాప్టర్ ఇదంతా మొయ్యలేదు. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లతో పనిచేసే పెద్ద సంస్థ ద్వారా ఎవరికి వారు ఇవ్వడం మేలు.

వరంగల్_వాకిలి | ఫిబ్రవరి 15

నియమాలు అర్థమయ్యాయి. అయినా నా మనసు ఒప్పుకోవడం లేదు, అది కూడా చెప్పాలి. ఇక్కడ ఇంటర్‌తో ఆగిపోయే పిల్లల్ని రోజూ చూస్తున్నాను.

అట్లాంటా_మల్లెతీగ | ఫిబ్రవరి 15

వాకిలి గారూ, మీ జిల్లాలో ఏం కావాలో వేరే చర్చ మొదలుపెట్టండి. నేను వస్తాను.

ఇక్కడ ఇంకో సంగతి అడగాలి. మావాళ్లు ఎండోమెంట్ అంటున్నారు. అసలు కదపకుండా వడ్డీతోనే ఇవ్వాలట. చిన్న చాప్టర్లకి అది పనికొస్తుందా?

న్యూజెర్సీ_ఖాతాపుస్తకం | ఫిబ్రవరి 15

లెక్క వెయ్యండి. శాశ్వత నిధి నుంచి ఏటా నాలుగైదు శాతం మించి తీయకూడదన్నది ఎక్కువమంది పాటించే పద్ధతి. నాలుగు శాతం లెక్కన వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ ఒకటి ఎప్పటికీ ఇవ్వాలంటే 25,000 కావాలి. ఐదుగురికి లక్షా పాతికవేలు. నా సలహా, వచ్చిన దాంట్లో పదోవంతు పక్కన పెట్టుకుంటూ వెళ్లండి, చాలా ఏళ్లు పట్టినా నిధి పెరుగుతుంది.

అయోవా_అత్తయ్య | ఫిబ్రవరి 15

ఇక్కడ మీతో నేను ఏకీభవించను. ఎనిమిది వేలున్న చాప్టర్ పదోవంతు దాస్తే ఈ ఏడాది ఒక అమ్మాయికి తగ్గుతుంది. ఆ అమ్మాయికి మళ్లీ ఈ ఏడాది రాదు. ముందు ఇవ్వడం అలవాటు చేసుకోండి. ఎవరైనా పెద్దావిడ వీలునామాలో పెద్ద మొత్తం రాస్తే అప్పుడు శాశ్వత నిధి ఆలోచించండి. మా దగ్గర అలాగే జరిగింది.

న్యూజెర్సీ_ఖాతాపుస్తకం | ఫిబ్రవరి 16

అత్తయ్య గారూ, లెక్కల మనిషిగా నాకు దాచాలనే ఉంటుంది. ఒక ఏడాది ఇవ్వడానికి సరిపడా మాత్రం ఎప్పుడూ చేతిలో ఉంచుకోమంటాను. అంతవరకు మీరూ కాదనరు.

హ్యూస్టన్_గోరింట | ఏప్రిల్ 20

రెండు నెలల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. పని జరిగాకే రాద్దామనుకున్నాను.

పాత ట్రెజరర్ అక్క మార్చి మొదటి వారంలో చెక్కు, మూడు సంతకాల ఉత్తరం పంపింది. పంపాక ఫోన్ చేసి "నా గుండెల మీద బరువు దిగింది" అంది. ఇన్నాళ్లూ ఆవిడకి అది బరువని మాకు తెలియలేదు.

మా జాతీయ సంస్థ ఫౌండేషన్ మా చాప్టర్ పేరుతో విడిగా నిధి తెరిచింది. ఐదు శాతం రుసుము తీసుకుంటారు. మావాళ్లలో కొందరికి అది ఎక్కువనిపించింది, గట్టిగానే వాదించుకున్నాం. రసీదులు, ఐఆర్‌ఎస్ కాగితాలు వాళ్లే చూసుకుంటారు కాబట్టి చివరికి ఒప్పుకున్నారు. చాప్టర్ ఈఐఎన్ రద్దు జాబితాలో లేదు, మేము జాతీయ సంస్థ గొడుగు కిందే ఉన్నాం, ఇన్నాళ్లూ వాళ్లే మా తరఫున పంపారు. 990-ఎన్ ఈ ఏడాది నుంచి నేనే పంపుతున్నాను, మే 15 క్యాలెండర్‌లో పెట్టాను.

దాతలకు ఉత్తరాలు 61 పంపాం. ఇద్దరు డబ్బు వెనక్కి అడిగారు, మొత్తం 200 డాలర్లు, ఇచ్చేశాం. పదకొండు మంది తిరిగి ఉత్తరం రాస్తూ కొత్త నిధికి మళ్లీ పంపారు. ఇది నేను అనుకోలేదు.

నెలవారీ 20 డాలర్లకు నలభైలో ఇరవై ఆరుగురు చేరారు. మిగతావాళ్లను ఒత్తిడి చెయ్యడం లేదు. ఈసారికి నలుగురికి ఇస్తున్నాం, ఐదుగురికి కాదు. నాలుగింట్లో ఒకటి ఏ వీసా మీద ఉన్న అమ్మాయైనా పెట్టుకోవచ్చు. ఆ మాట ఫారం మొదటి పేజీలోనే రాశాం.

చివురూ, ఫారం ముసాయిదా నీకు మెసేజ్‌లో పంపాను. ఎక్కడైనా బాధపెట్టే ప్రశ్న ఉందేమో చూసి చెప్పు.

ఒహాయో_కొత్తచివురు | ఏప్రిల్ 21

చదివాను అక్కా. ఏడో ప్రశ్న, "మీ కుటుంబ కష్టాలు వివరించండి" అన్నది తీసేసి, "ఈ డబ్బు దేనికి వాడతారు, ఎప్పటిలోగా కావాలి" అని పెట్టండి. ఎప్పుడు కావాలని నన్ను ఇంతవరకు ఏ ఫారమూ అడగలేదు.

హ్యూస్టన్_గోరింట | ఏప్రిల్ 21

మార్చేశాను. చెక్కులు జులై 15కల్లా యూనివర్సిటీలకు చేరాలని కమిటీ తీర్మానంలో రాయించాను.